పాయింటు తర్వాత

పాతది తీసెయ్యాల్నా అని అడుగుతున్నది స్క్రీను,
అవును మీద ముందే వెలుగు పెట్టి.
కాదు అని కొట్టిన.

నల్లగొండ, నీళ్ల ల్యాబు, వెనక గది.
సర్వరుకు ఏసీ లేదు, టేబుల్ ఫ్యానే,
అదీ ఉన్న వేడినే అటిటు తిప్పుతది.
"రెండు పాయింటు ఆరు పోయి
రెండు పాయింటు ఏడొచ్చిందన్నా.
లినక్సుల ఎవడన్న పాత వెర్షన్లు దాస్తడా"
అంటడు కొత్తగ చేరిన ప్రణయ్.
"రాసినోళ్లే ఇడిసిపెట్టిన్రు దాన్ని.
రంధ్రాలున్నయి, దొంగలు దూరుతరు."

ఉన్నయి.
అందుకే దాని నెట్టు వైరు పీకి
చుట్ట చుట్టి మేకుకు తగిలిచ్చిన.
ఇంట్ల ఉంటది, ఊరితోటి మాట లేదు.

ఒక్కటి ఉంచుదామంటే ఒక్కటి కాదు గద.
ఈ లైబ్రరీకి ఇంకో లైబ్రరీ కావాలె,
దానికి దానికంటె ముసలిది.
ఒక్కన్ని బంతికి పిలిస్తే
వెనక నలుగురు చెప్పులు ఇడుస్తున్నట్టు.
హార్డ్ డిస్కు తొంబై ఒక్క శాతం నిండింది.
కొత్త డిస్కుకు పెట్టిన అర్జీ
నాలుగు నెలల సంది సారు బల్ల మీద
పేపర్ వెయిటు కింద క్షేమంగ ఉన్నది.

పోయిన శుక్రవారం
మర్రిగూడ దిక్కు నుంచి ఇస్తారి వచ్చిండు,
కూల్‌డ్రింకు సీసల బోరు నీళ్లు పట్టుకొని.
కూసో పెద్దయ్యా అంటే
"కూసుంటె మల్ల లెవ్వాలె గద బిడ్డా" అని
గోడ పట్టుకొని నిలబడ్డడు.

పాత లెక్కల ఫ్లోరైడు
ఒకటి పాయింటు ఆరు.
అవే నీళ్లు, అదే మీటరు,
కొత్త లైబ్రరీల ఒకటి పాయింటు నాలుగు.
గీత ఒకటిన్నర కాడ.
మా కొలువంత పాయింటు తర్వాత అంకెలనే.
అప్‌డేటు కొడితే చాలు,
ఊరు ఊరంత గీత దాటి ఇవతలికొస్తది
ఒక్క చుక్క మారకుంటనే.

కొత్తది తప్పు అంటలేను.
పాతదే తప్పు కావచ్చు, నాకేమెరుక.
కానీ పదకొండేండ్ల రిజిస్టరంత
ఆ కుంచంతోనే కొలిచినం.
కుంచం పారేసినంక
గింజలు పెరిగినయా తరిగినయా అంటే
ఎవరు చెప్తరు?

పట్టి ఉంచు అని ఒక్క ఆజ్ఞ కొట్టిన.
ప్రణయ్ శానసేపు ఏమనలేదు.
తర్వాత జేబుల నుంచి పెన్‌డ్రైవ్ తీసి
"సినిమాలు తుడుస్త, దీన్ల పెట్టన్నా" అన్నడు.
పెట్టినం, ఒక్కోదానికి తేదీ రాసి.

రిపోర్టుల ఇప్పుడు రెండు గడులు,
రెండు అంకెలు,
ఏ వెర్షన్ల వచ్చిందో పక్కన చిన్నగ.
ఈ పొద్దు ఇస్తారి కాయితానికొచ్చిండు.
దూరం పెట్టి, దగ్గర పెట్టి చదివిండు.
"నల్లా రాని నాడు ఇవే మాకు" అన్నడు.
"మరి ఈ రెండిట్ల
నేను తాగుతున్నది ఏది?"