చూడాల్సినవాళ్ళు

బ్రాడీపేట నాలుగు బై పద్నాలుగులో
మెట్ల కింద నా డీటీపీ షాపు.
శుభలేఖ, దినం కార్డు, అద్దెకు ఇవ్వబడును,
కుక్కపిల్ల తప్పిపోయినది—
ఏదైనా పేజీ ముప్పై.

మార్చి నెల. యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
గుంటూరంతా ఒకేసారి తుమ్మే రోజులు.
కార్పొరేషన్ ఎన్నికలు ఎప్పుడో ఇంకా తేలలేదు గానీ
హేమసుందర్ వచ్చాడు.
వెనకాల ఇద్దరు, ఒకే రంగు కండువాలు.
చేతిలో మా బూత్ ఓటర్ల జాబితా,
మడతల దగ్గర చెమటకి చిరిగింది.

"అన్నా, దీన్ని మూడు కాలమ్‌లుగా కొట్టాలి.
మనవాళ్ళు. వాళ్ళు.
చూడాల్సినవాళ్ళు."

చూడాల్సినవాళ్ళంటే?
"చూడాలి," అన్నాడు.
ఆ మాటలో కన్ను లేదు.

టెన్త్ హాల్ టికెట్ జెరాక్స్‌కి వచ్చేవాడు వీడు,
రూపాయి తక్కువైతే రేపిస్తానని
నిజంగానే మర్నాడు తెచ్చిచ్చేవాడు.
ఇప్పుడు వీళ్ళ సంఘం మంచినీళ్ళ ట్యాంకరు తిప్పుతోంది,
స్టిక్కరున్న గుమ్మాల ముందే ఆగుతుంది.
రాజకీయం కాదు, ధర్మం అంటారు.
టికెట్లిచ్చే పెద్దమనిషి ఇంటికి మాత్రం
వారానికి రెండుసార్లు వెళ్ళొస్తారు.

మొదటి రెండొందల పేర్లు సాఫీగానే సాగాయి.
రెండొందల పదకొండు: సైదమ్మ, భర్త వెంకటేశ్వర్లు.
"పక్కన పెట్టు."
లక్ష్మీ మేరీ.
"అది… చూడాలి."
సుబ్బులు. పేరుకి సుబ్బులే,
ఆదివారం తెల్లచీర కట్టి
చంకలో పుస్తకంతో పోతుందని
వెనకవాడు చెవిలో ఊదాడు.
నాగుల్ మీరా దగ్గర ముగ్గురూ వాదులాడుకున్నారు,
నాగుల్ పట్టుకుని ఒకడు, మీరా పట్టుకుని ఇంకొకడు.
టీ తెప్పించాను.
తెచ్చిన కుర్రాడి పేరెవరూ అడగలేదు,
వాడికింకా ఓటు లేదు.

మూడో కాలమ్ పొడవు పెరిగి
పక్క పేజీలోకి కారింది.

ఆరొందల పద్నాలుగు.
పేరు: హేమసుందర్.
తండ్రి: మస్తాన్ రావు.

నా వేలు ఎంటర్ మీద ఆగింది.
మా వీధిలో తెలియనిదెవరికి?
వరసగా ముగ్గురు బిడ్డలు పోయాక
వీడి నాయనమ్మ కాలే మస్తాన్ దర్గా గడప దగ్గర
ఒడి పట్టి కూర్చుందనీ,
నిలిచిన బిడ్డకి ఆ పేరే పెట్టుకుందనీ,
ఆ బిడ్డ యార్డులో ముప్పై ఏళ్ళు కాటా వేసి
ఆ ఘాటుకే దగ్గి దగ్గి పోయాడనీ.
గంధం రాత్రి వీణ్ణి భుజాలమీద కూచోబెట్టుకుని
జనంలో నడిచేవాడు.
వీడి చేతిలో బూరె వేడి,
తండ్రి జుట్టంతా నూనె.

"అన్నా," అన్నాడు చాలాసేపటికి,
"మాధవరావని కొట్టలేవా?"
జాబితా నాది కాదురా, సర్కారుది.
"నామినేషన్‌లోనూ అడుగుతారు,"
నాతో కాదు, తనలో తను.
కండువాలిద్దరూ ఫోన్లలోకి తలలు దించారు.
వాళ్ళ తండ్రుల పేర్లు నేనడగలేదు.

చివరికి ఆ నంబరు వదిలెయ్యమన్నాడు.
ఆరొందల పదమూడు తర్వాత ఆరొందల పదిహేను.

వాడికి చెప్పలేదు గానీ
మొన్నే అవతలి వీధి నుంచి
ఇంకో రంగు వాళ్ళొచ్చి కొట్టించుకుపోయారు,
ఇదే జాబితా, ఇవే మూడు కాలమ్‌లు,
మొదటి రెండూ తారుమారు.
మస్తాన్ రావు పేరు దగ్గర
వాళ్ళూ పెన్ను కొరుకుతూ కూర్చున్నారు.

పద్దెనిమిది పేజీలు. అయిదొందల నలభై.
తీసుకున్నాను. అదీ చెప్పాలి కదా.

రాత్రి షట్టరు సగం దించాక గుర్తొచ్చింది,
ఏడొందలు దాటాక ఎక్కడో
నా పేరూ ఉండాలి.
ఏ కాలమ్‌లో పడిందో చూసుకోలేదు.
కొట్టింది మాత్రం
ఈ వేళ్ళే.