అర గ్రాము

రాత్రి రెండు దాటింది. కాజీపేట జంక్షన్ల
ఏదో గూడ్సు బండికి బ్రేకులు పడ్డ చప్పుడు
ల్యాబు కిటికీ అద్దాన్ని సన్నగ ఒణికిచ్చి పోయింది.
ఫర్నేసు మీద ఎర్రటి అంకెలు: ఐదువందల ఇరవై.

క్వార్ట్జ్ గొట్టం నడుమ, దూది లెక్కున్న గాజుపోగుల మధ్య
అర గ్రాము తెల్లపిండి. జియోలైట్.
చూస్తే జొన్నపిండి కంటె గొప్పగ ఏముండదు.
లోపల మాత్రం సందులు, సందులల్ల సందులు,
ఒక్క బెంజీన్ ఉంగరం పక్కకు తిరిగి దూరేంత ఇరుకు,
మండిబజార్ ఎనుక గల్లీల లెక్క.

ఇటునుంచి ప్రొపేన్ పోతది, మూడు కార్బన్ల పిల్లగాలి,
మండిపోవుడు తప్ప ఇంకో పని నేర్వనిది.
అటునుంచి టోలీన్ వస్తది, చిక్కటి వాసనతోని,
రేపు ఎవరి ఇంటి తలుపుకో రంగయ్యేది.
నడుమ ఏం జరిగిందంటే
ఆరు బాణం గుర్తులు గీసి చూపిస్తం.
కండ్లతోని చూసినోళ్లు లేరు.

"మరి ఇది అరగదా మేడం?"
అన్నడు ఓదెలన్న, నేను చేరిన కొత్తల.
నైట్ డ్యూటీ అటెండరు. అంతకుముందు
ఇరవై రెండేండ్లు గోదావరిఖనిల బొగ్గు బాయి.
అరగదన్న. విడగొడ్తది, కలుపుతది, తను మిగుల్తది.
"ఎనుమాముల హమాలీ అన్నట్టు.
వెయ్యి మిర్చి బస్తాలు మోస్తడు,
ఒక్క కాయ వానింటికి పోదు."
థీసిస్‌ల పెట్టలేని మాట.
నోటుబుక్కు ఎనుక అట్ట మీద రాసుకున్న.

అరగదన్నది సగం అబద్ధం.
మొదటి గంట నలభై రెండు శాతం. ఎనిమిదో గంటకు పదకొండు.
ఫర్నేసు తలుపు తీస్తే
గొట్టంల తెలుపు లేదు.
దాటిపోయినవన్నీ
తలా ఇంత మసి విడిచి పోయినయి.

ఓదెలన్న ఒంగి చూసిండు. శానాసేపు.
"నా ఎక్స్‌రే గిట్లనే ఉంటది" అన్నడు,
పరకాల బస్సు టైం చెప్పినట్టు.

ఇయ్యాల రాత్రి పని కడుగుడు.
ముందు నైట్రోజన్. ఎనుక మెల్లగ గాలి,
మనం పీల్చే ఉత్త గాలే, కానీ
ఐదువందల యాభై డిగ్రీల కాడ.
తెర మీద కార్బన్ డయాక్సైడ్ గీత
లేస్తది, జరసేపు నిలబడ్తది, వాలుతది.
నలుపు బూడిదరంగయితది. బూడిదరంగు తెల్లబడ్తది.
మళ్ల ముప్పై తొమ్మిది శాతం వస్తది. నలభై రెండు రాదు.
ఆ మూడు ఎక్కడ పోతయో
మా సారు ఒక లెక్క చెప్తడు, నేనొకటి చెప్త.

ఓదెలన్న స్టూలు మీద కూసొని
దగ్గు ఆపుకుంట గీత దిక్కే చూస్తున్నడు.
ఆయన ఏం అడుగుతడో నాకు తెలుసు.
అడగలేదు.
ఫ్లాస్కుల చాయ్ రెండు కప్పులకు సరిపోయింది.

తెల్లారి ఐదింటికి లేచి, కండ్లద్దాలు తుడుసుకొని,
గొట్టాన్ని ట్యూబులైటు కింద తిప్పి చూసి,
రిజిస్టర్ల టైం ఏసిండు.
"పరిస్థితి" అన్న గడిల
ఎప్పటి లెక్కనే
"బాగుంది" అని రాసిండు.