వెల లేని గుడ్డ

ఆదివారం. పీణ్యలో మా షెడ్డు షట్టర్లు దించిన రోజు.
లాల్‌బాగ్ రెండుసార్లు అయిపోయింది.
సినిమాకి నలుగురికి వెయ్యి.
"మెజెస్టిక్ దగ్గర బుద్ధుడి గుడుందంట,
ఊరికే చూడొచ్చంట" అనింది రెడ్డెమ్మ.
ఊరికే అన్న మాటకి
నలుగురం తలలు దువ్వుకున్నాం.

మెట్రోలో చిత్రాన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని
ఓబులమ్మ అడిగింది:
"ఆయనకి టెంకాయ ఎక్కడ కొట్టాల?"
మాబున్నీ నవ్వింది. మాకెవరికీ తెలీదు.

లోపల టెంకాయ రాయి లేదు.
హుండీ ఉంది, మూలన, ఎవర్నీ పిలవకుండా.
గోత్రమడిగే మనిషి లేడు.
నీ పేరేందని మాబున్నీని ఎవరూ అడగలా.
మా ఊరి గుడిలో నేను నిలబడిన చోటు
గడపకి ఎన్ని అడుగులు ఇవతలో
నా కాళ్ళకింకా లెక్క గుర్తే.
ఇక్కడ గడప దాటినాక
అవే ఒక నిమిషం ఆగి
వెనక్కి చూసుకున్నాయి.

బుద్ధుడు కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు
నైట్ షిఫ్టు దిగి బస్సులో కూర్చున్న మనిషిలా.
"ఏం కోరుకున్నావే?"
"ఇంకా ఏం లేదు. ఇచ్చేవాడి మాదిరి లేడు."

గచ్చు మీద కూర్చున్నాం.
చప్పుడు లేని చోటికి వస్తే గానీ తెలియలేదు
చెవుల్లో మిషన్లు ఇంకా నడుస్తున్నాయని.
గంటకి నూట ఇరవై కాలర్లు.
ముందు సూపర్‌వైజర్ గొంతు ఆగింది.
తర్వాత బెల్టులు, ఒక్కో వరసా.
చివరికి ఒకే ఒక్క సూది
చాలాసేపు
దేన్నీ కుట్టకుండా
పైకీ కిందికీ.

ఓబులమ్మ గోడకానుకుని నిద్రపోయింది, నోరు తెరుచుకుని.
లైన్లో కునుకు తీస్తే మెమో ఇస్తారు.
ఇక్కడ ఒక కుర్ర సన్యాసి, ఇరవై కూడా ఉండవు,
చప్పుడు చెయ్యకుండా వచ్చి
ఫ్యాను ఒక నంబరు పెంచి పోయాడు.

అప్పుడు చూశాం.
ముగ్గురి కళ్ళూ ఒక్కసారే
దేవుణ్ణి వదిలి ఆ పిల్లోడి గుడ్డ మీద పడ్డాయి.
"ఒకటే గుడ్డ కాదే అది."
"అతుకులు."
"మడిచి లోపలికి పెట్టినారు, డబుల్ కుట్టు."
రెడ్డెమ్మ వేళ్ళు గాల్లో ముక్కలు లెక్కపెడుతున్నాయి,
పొడుగువి, పొట్టివి, చుట్టూ అంచు.

"తమ్ముడూ, మంచి గుడ్డని
ఎందుకు కోసి మళ్ళీ కుట్టినారు?"
వచ్చీరాని కన్నడలో చెప్పాడు:
కోస్తే గుడ్డకి వెల పోతుందంట,
వెల లేనిదాన్ని ఎవరూ ఎత్తుకుపోరంట.
కోసి కుట్టినాక వెల పెరగడమే చూసినాం మేము,
ట్యాగు మీద మా సగం జీతమంత.
"గద్దె మాదిరి" అని కూడా అన్నాడు,
మడి, మడికీ మడికీ మధ్య గట్టు.

రెడ్డెమ్మ చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.
అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.
ఆడవాళ్ళు తాకకూడదు, అది అతని నియమం.
తప్పు అతనిది కాదు.
నా కాళ్ళు మాత్రం మళ్ళీ లెక్కపెట్టుకున్నాయి.

ముఖం ఎర్రబడి లోపలికి పోయాడు.
ఒక పాత గుడ్డ తెచ్చి
చేతికివ్వకుండా చాప మీద పెట్టాడు.
ఒక మూల గట్టు తెగింది, నాలుగంగుళాలు.

సూది ఓబులమ్మ తాళిబొట్టు దారానికి
పిన్నీసుల పక్కన ఎప్పుడూ ఉంటుంది.
ఆమె లేవకుండా తీశాం.
మాబున్నీ తన ఓణీ అంచు నుంచి
దారం ఒకటి లాగి ఇచ్చింది,
రంగు దగ్గర దగ్గరగా కలిసింది.
రెడ్డెమ్మ కుట్టింది.
"గోరంట్ల కాడ రెండు మళ్ళుండె మాకు" అనింది,
"బోరు ఎండినాక..."
ఆ మాట ముడి వెయ్యలేదు.
మిషన్ మీద నాలుగు సెకన్ల పని.
ఎంతసేపు పట్టిందో తెలీదు,
గోడ గడియారం మా వీపుల వెనక ఉంది.

వాకిట్లో చెట్టు కింద డబ్బా విప్పుతుంటే
ఓబులమ్మ కళ్ళు నులుముకుంటూ వచ్చింది.
"టెంకాయ ఎక్కడ కొట్టాల్నో కనుక్కున్నారా?"

సూది ఆమెకి తిరిగిచ్చాం.