వాళ్ళ భయానికి నా కంతు

పాసుబుక్కులో ఎర్రగీత గీసి చూపించినాడు
మా మరిది కొడుకు హేమాద్రి.
"పెద్దమ్మా, ఇదేందో తెలుసునా?
నెలనెలా పదకొండొందల నలభై.
ఇది అసలు కాదు, వడ్డీ కాదు."

ఏడేండ్లు కట్టినా.
ఇంటికి నిప్పంటుకుంటే ఇస్తారేమో అనుకున్నా.
నాకేమన్నా అయితే పాపకొస్తుందేమో అనుకున్నా.
బ్యాంకులో మేనేజరు నవ్వకుండానే చెప్పినాడు:
"మీరు కట్టలేకపోతే
మాకు నష్టం రాకుండా, అమ్మా."

అంటే
వాళ్ళ భయానికి నేను కంతు కడతా ఉండా.

"అప్పుడు మీ చేతి డబ్బు తక్కువ, మా అప్పు ఎక్కువ.
ఇంటి విలువ పెరిగిందని తేలి
అప్పు నూటికి డెబ్బై అయిదు లోపలికొస్తే తీసేస్తాం.
వాల్యూయర్ని పంపుతాం. ఫీజు మీదే."

తీసేయడం నా పని.
కొండ మీద కల్యాణకట్టలో పద్నాలుగేండ్లుగా
మొక్కుకున్నోళ్ళ తలలు తడిపి
నుదుటి నుంచి మెడ దాకా తీస్తా ఉండా.
మూడు కత్తెర్లే చాలనేవాళ్ళు కొందరు,
గుండు కొట్టమనేవాళ్ళు కొందరు.
నెత్తురు చుక్క రాకుండా తీయడం వచ్చు నాకు.
ఈ పదకొండొందల నలభైకి మాత్రం
బ్లేడు యాడ పెట్టాలో తెలీలేదు ఇన్నాళ్ళు.

రాత్రి డ్యూటీ దిగి జీవకోనకొచ్చి
నిద్ర పోకుండా గడప కడిగినా,
మెట్లకు సున్నం కొట్టినా.
వంటింటి గోడ మీద, కిటికీ మూల నుంచి
జెర్రి మాదిరి పాకిన చీలిక మీద
ఎరువులంగడి కేలెండరు తగిలించినా.

పిల్లోడొచ్చినాడు. హెల్మెట్టు అరుగు మీద పెట్టినాడు.
టేపు లేదు. చిన్న పెట్టె నొక్కితే
ఎర్రచుక్క పోయి ఎదురుగోడ మీద వాలింది.
పదకొండడుగుల నాలుగంగుళాలు, అన్నాడు.
ఆ గోడ లేపిన ఎండాకాలం
రెండు పూటలా సంగటే తిన్నామని
ఆ చుక్కకేం తెలుసు.

"మిద్దె మీద రూముకి ప్లానుండాదా?"
లేదు.
"అయితే లెక్కలోకి రాదు."
పాప నర్సింగు పరీక్షకి చదివిందంతా ఆ రూములోనే.
సంపు కలిపినాడు.
బాత్రూము టైల్సు చూసి ఏమీ రాసుకోలేదు.
బోరునీళ్ళు తాగి, ఉప్పన అనలేదు, తియ్యన అనలేదు.

కేలెండరెత్తినాడు.
నేను తల దించుకున్నా,
నా ముందు కూర్చునేవాళ్ళ మాదిరే.
ఫోటో తీసుకున్నాడు.
మళ్ళీ అదే మేకుకి
వంకర లేకుండా తగిలించినాడు.

పోతా పోతా అన్నాడు:
"ఇంటికేం పెద్దగా రాదు పెద్దమ్మా, స్థలానికే.
వెనక రోడ్డు పడింది గదా."
ఆ రోడ్డుకి నేనొక్క రాయి మోయలేదు.
మోసిన రాళ్ళన్నీ గోడల్లో ఉండాయి.
అవి ఏటికేడు తరుగుతా ఉంటాయంట.

నూటికి అరవై ఎనిమిదని తేలింది.
నెలన్నర తిప్పి, రెండు సంతకాలు పెట్టించుకుని తీసేసినారు.
ఒకటో తేదీ ఫోనుకి మెసేజొచ్చింది, ఆ లైను లేదు.
ఆ పొద్దు కొండబస్సులో
ఎందుకో నా తల నేనే తడుముకున్నా.

మిగిలిన డబ్బుతో సిమెంటు తెప్పించి
చీలిక పూడ్పించినా.
ఆరినాక ఆ జాగా మటుకు బూడిద రంగు.
మచ్చ కనపడకుండా
కేలెండరు మళ్ళీ అదే మేకుకి తగిలించినా,
పోయిన సంవత్సరందే.