వంద రూపాయల తగ్గింపు

సిరోంచ అని కొట్టంగనే ఎర్రగ వచ్చింది:
ఈ పిన్‌కోడుకు డెలివరీ లేదు.
మూడుసార్లు కొట్టిన. మూడుసార్లూ అదే.
ఫోటోల ల్యాప్‌టాప్ మాత్రం
ఎవరిదో బల్ల మీద సగం తెరిచి ఉన్నది,
పక్కన స్టీలు గ్లాసు, అడుగున చాయి మడ్డి.

అమ్మేటాయన హన్మకొండ. వొడ్నాల కనకయ్య.
కోర్టు ముంగట ఇరవై ఏండ్లు దరఖాస్తులు కొట్టిండట.
పదకొండు వేల అయిదొందలన్నడు. తొమ్మిదన్న.
"పేరేంది బిడ్డా?"
"వనమాల."
"మరాఠోళ్లా?"
"బడి మరాఠీ. ఇల్లు తెలుగు."
ఎందుకో నవ్విండు,
తొమ్మిది వేల ఎనిమిదొందలకు దిగిండు.

దాచకుంట చెప్పిండు అన్నీ.
బ్యాటరీ నలభై నిమిషాలు.
మూత ఎడమ కీలు వదులు.
మీటల మీద తెలుగు స్టిక్కర్లు,
అందుల ఒకటి ఊడిపోయింది, ల, ళ ఉన్నది.
"నీకు దొరకక తిప్పలైతది, ఇంకో వంద తీసెయ్."

తీసేసిన.
సగం పైసలు పంపినంక రెండు రోజులు ఫోనెత్తలే.
ఆ రెండు రోజులు అన్నం గడ్డి లెక్క ఉండె.
మా ఆయన ఏమనలే, అదే ఎక్కువ కుట్టింది.
మూడో నాడు ఆయనే చేసిండు:
"కంటి ఆపరేషనైంది బిడ్డా.
ఆర్టీసీ కార్గోల ఏసినం, కాళేశ్వరం పో."

గోదావరి మీది వంతెనకు
ఈ దిక్కు బోర్డు నాకు చదవొస్తది.
ఆ దిక్కు బోర్డు రాదు.
పుట్టినప్పటిసంది మాట్లాడే మాటలు
అక్కడ గుండ్రంగ, మూతి ముడుచుకొని కూసున్నయి,
నన్ను గుర్తుపట్టనట్టు.

బియ్యం సంచిల, పాత చీర ముక్క చుట్టి వచ్చింది.
మిగిలిన సగం అక్కడ్నే నిలబడి పంపిన.

తహశీల్ గేటు కాడ బల్ల ఏసుకోవాలని కొన్న.
సాత్‌బారాలు, జాతి దాఖలాలు, పంట బీమా ఫారాలు.
అన్నీ మరాఠీలనే. తెలుగుతోని నాకేం పని?
రాత్రి ఊకెనే భాష మార్చి చూసిన.

మరాఠీ క ఉన్న కాడనే తెలుగు క.
మ కాడనే మ.
గడ్చిరోలిల టైపింగ్ మాస్తరు
స్కేలుతోని వేళ్ల మీద కొట్టి చూపిన తొవ్వలే.
చూడకుంట కొట్టుకుంట పోయిన.
తెర మీద ఏమొచ్చిందో నాకు తెల్వదు.
నా మాటే. నాకు తెల్వదు.

మా అత్త మల్లుబాయి ప్రాణహిత అవతలి మనిషి,
చెన్నూరుల నాలుగో తరగతి దాంక తెలుగు బడి.
దారం కట్టిన అద్దాలు పెట్టుకొని
తెర మీద వేలు ఆనించి చదివింది:
"అ... త్త... పే... రు... గు... తో... డే... సిం... ది."
ఆగింది.
"పేరుగేందే? పెరుగు.
గింత సాగదీసుడేంది?
ఇగ్గో, ఎండకు ఏండ. పెద్దకు పేద్ద.
వినెటోళ్లు ఏడుస్తున్నవనుకుంటరు."

"మరాఠీకి పొట్టి ఎ లేదత్తమ్మా."
"లేకుంటే బదులు తెచ్చుకో."

వెతికినం, ఇద్దరం, బుగ్గకు బుగ్గ ఆనించి.
కింద, ఎడమ మూలకు దొరికింది,
స్టిక్కరు సగం అరిగి.
కనకయ్య చిటికెన వేలు
ఎన్ని దరఖాస్తులకు ఈ మూలకొచ్చి పోయిందో,
ఎవరెవరి ఎకరాల కోసం, ఎవరి పెండ్లాల కోసం.

పెరుగు, అని కొట్టిన.
అత్త తలూపింది, పాసైనట్టు.
తర్వాత కాళేశ్వరం కొట్టమన్నది.
కొట్టిన. ళ దానంతట అదే పడ్డది,
స్టిక్కరు లేని మీట మీద, చూడకుంటనే.
మరాఠీల గూడ ళ అక్కడ్నే.

అంటే ఆ తిప్పల నాకు లేనే లేదు.
ఆ వంద ఆయనదే.
పొద్దుగాల్ల పంపుదామా అని ఆలోచన చేస్తనే ఉన్న,
తెర నల్లగైపోయింది.
అత్త వేలు ఇంకా దాని మీదనే ఉన్నది.
గోడ గడియారం చూసిన.
ముప్పై ఒక్క నిమిషం.

వంద నాకాడనే ఉంచుకున్న.