గడ్డి ఊడ్పులు

మాఘం వెళ్ళే ముందు,
మంచు ఇంకా గేటు కడ్డీలకు వేలాడుతుండగా
పేరంటాలు వచ్చింది.
చేతిలో బొరిగె, చంకలో ఖాళీ గోనె,
కొంగు ముడిలో వక్కముక్క.

"తోట ఎక్కడండీ?"
చూపించాను.
మెట్లకీ ప్రహరీకీ మధ్య
నాలుగు మంచాలు వాల్చేంత నేల.
చలికాలమంతా నీళ్ళు పోసి పోసి
నేను పసుపు రంగులోకి పెంచిన పచ్చిక.
మండపేట చుట్టూ కళ్ళు చల్లబడే దాళ్వా చేలు,
నా గేటు దగ్గరే ఆ రంగు ఎందుకు ఆగిపోయిందో తెలీదు.

గొంతుక్కూర్చుని ఒక పరకను
వేలికి చుట్టి లాగింది.
వేరు రాలేదు, మట్టి రాలేదు.
పరక ఒక్కటే తెగి వచ్చింది
చిరునామా చిరిగిన కవరులా.
"నేల బిగిసిపోయిందండి. ఊపిరాడట్లేదు దానికి.
గునపం ఉందాండి?"

అడుగుకో పోటు, జానెడు లోతు.
దిగడం, చిన్న మెలిక, రావడం.
పోస్టాఫీసులో ముద్రలు కొట్టే నా చేతికి
ఆ లయ తెలుసు,
రాత్రికి భుజం ఏమంటుందో కూడా తెలుసు.

తరవాత తుంగ.
పైన మూడు ఆకులు, కింద నల్లపూస,
పూసకు దారం, దారానికి ఇంకో పూస.
దండ తెగకుండా తీసి నా అరచేతిలో పెట్టింది.
వాసన చూస్తే తడిసిన కర్పూరం.
"ఒక్కటి మిగిలినా
ఉగాదికి మీకన్నా ముందు లేస్తాదండి."
గడ్డలన్నీ గోనెలోకి వెళ్ళాయి.
ఎండబెడితే మందుల కొట్టువాడు కొంటాడట.

పదిన్నరకు టీ.
"ఇంతకీ ఇందులో ఏం వేస్తారండీ?"
"గడ్డి."
"గడ్డే కదండీ తీసేశాం?"
"ఇది వేరే. కడియపులంక నుంచి
చాపల్లా చుట్టి ఆటోలో వస్తుంది. అడుక్కింత అని రేటు."

గ్లాసు కింద పెట్టి నవ్వింది,
గోడవతలి గేదె తల తిప్పి చూసేంత నవ్వు.
"నలభై ఏళ్ళండి!
సార్వాకి పీకాను, దాళ్వాకి పీకాను,
కడుపుతో ఉండి పీకాను, జొరంతో పీకాను.
గడ్డి నాటడానికి కూలిస్తారని
మా అమ్మ బతికుంటే చెప్పేదాన్ని."

సాయంత్రం చెప్పులు విప్పాక
పాదాలకు కాస్త మెత్తటి చోటు కావాలని
నా కోరిక.
పైకి అంటే ఎంత చిన్నదవుతుందో అని
ఊరుకున్నాను.

నీరు నిలిచే మూల కాలువ తీస్తుంటే
గ్రావెల్ పొర దాటింది గునపం.
కింద నల్లమట్టి,
మట్టిలో తెల్లగా నత్తగుల్లలు.
ఆమె చేతులు ఆగాయి.
దూరంగా గట్టు మీది తూమును చూసి,
మా ప్రహరీని చూసి,
గాలిలో కంటితోనే ఒక గట్టు వేసింది.
"ఇది మునసబు గారి చెక్కండి!
మీ వంటిల్లున్నచోట ఎప్పుడూ మోకాలి దాకా దిగబడేది.
ఈ మెట్ల దగ్గర నన్ను జెర్రి కుట్టింది."

నా దస్తావేజులో ఇది ప్లాటు ముప్పై ఏడు.
నాలుగు హద్దులూ ఉన్నాయి,
జెర్రి సంగతి లేదు.

మర్నాడు ఆటో దిగింది.
ఇసక, చివికిన పెంట, వేపపిండి కలిపి చల్లాక
చాపలు పరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
"పరిస్తే పడుకుంటాదండి. నాటితే నిలబడతాది."
చాపను కుదుళ్ళుగా చీల్చి
చీర ఎగదోపి, నడుం వంచి,
వరుస వెంట వరుస వెనక్కి నడుస్తూ
ఊడ్చింది.
అక్కడ నీళ్ళు లేవు, బురద లేదు.
ఆమె పాదాలు మాత్రం
బురదలోంచి లాగినట్టే లేచాయి.

సగం చాపలు మిగిలాయి.
కూలి లెక్కపెట్టుకుని, గోనె ఎత్తుకుంటూ అంది:
"ఇరవై రోజులు అడుగు పెట్టకండి.
కాలువలు కట్టేసేలోపు వేరు తన్నాలి."

పెట్టలేదు.
రోజూ మెట్టు మీదే కూర్చుని
పచ్చదనం ఒక కుదురు నుంచి ఇంకో కుదురుకు
చెయ్యి చాపడం చూశాను.

ఉగాదికి రెండు రోజుల ముందు
సరిగ్గా జెర్రి కుట్టిన చోట
మూడు ఆకులు.
పైనుంచి పీకలేదు నేను.
బొరిగె మొనతో దారం వెంట వెళ్ళాను,
ఒక పూస, ఇంకో పూస.
అది ప్రహరీ కిందుగా
ముప్పై ఎనిమిదిలోకి వెళ్ళిపోయింది.