తుమ్మకంప

ప్రత్తిపాడు దాటాక చేలోకి దిగాను,
చేతిలో పదిహేడు పేజీల ఫారం.
మిరపకోత సాగుతోంది,
తుమ్ముతున్నది నేనొక్కణ్ణే.

తాగునీటి సౌకర్యం?
ఉంది. గట్టుమీద నీలం డ్రమ్ము, మూతమీద గ్లాసు.
టిక్కు పెట్టాను.
రోజుకెన్ని గ్లాసులు తాగుతారు?
సాళ్ల మధ్య నవ్వొకటి లేచి అణిగింది.

దీనమ్మ నడుం ఎత్తకుండానే చెప్పింది:
"కోతల్రోజుల్లో తాగం బాబూ."
డ్రమ్ము నిండుగానే ఉందిగా!
"నీళ్లకేం, ఉన్నాయి.
చెట్టు చూస్తే నడుందాకా రాదు,
మగోళ్లంతా ట్రాక్టరు కాడ.
మునుపు కాలవకట్టన తుమ్మకంప ఉండేది, ఆ చాటుకెళ్లేవాళ్లం.
రోడ్డేసేటప్పుడు కొట్టేశారు."

ఆ రోడ్డు మీదే నా బండి ఆపి వచ్చాను.
మొన్నటి సర్వేలో
మొదటి అవసరం రోడ్డని రాసింది నేనే.
పంచాయితీ ఆఫీసులో ఆ పూట చేతులెత్తినవాళ్లు నలభైమంది,
కోతకెళ్లినవాళ్లు ఒక్కరూ లేరని
ఇప్పుడు లెక్క తేలింది.

పెట్టిన టిక్కు చెరగదు.
గడులకవతల, మార్జిన్లో,
"తుమ్మకంప" అని రాశాను.

సాయంత్రం గుంటూరు ఆఫీసులో
కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి
ఫారం అటూ ఇటూ తిప్పి అడిగింది:
"సార్, దీనికి కోడెంత?"